స్కౌటు దళమునకు బాలురను పిలిచిన రెండు సాయంకాలములు

2024వ సంవత్సరము జూన్ మాసమున బడి తెరచిన వారములో ఉపాధ్యాయుల సమావేశము జరిగెను. ప్రధానోపాధ్యాయులవారు కాగితమొకటి చేత బట్టుకొని, మన పాఠశాల స్కౌటు దళములో ఏడుగురు బాలురు మాత్రమే మిగిలియున్నారనియు, పదవ తరగతి ముగించి పోయినవారి స్థానములు నిండలేదనియు, ఈ యేడు క్రొత్తవారు చేరనియెడల దళమును మూసివేయవలసి వచ్చుననియు సెలవిచ్చిరి. తలిదండ్రులను, బాలురను ఒక సాయంకాలము పిలిచి సభ జరిపి, దళములో చేర్చుకొను పనిని ఎవరు వహింతురని యడిగిరి. గదిలో పంకా తిరుగు చప్పుడు తప్ప మరియేమియు వినరాలేదు. ఒకరు గోడ గడియారమువైపును, వేరొకరు తమ చెప్పులవైపును చూచుచుండిరి. మేము చేయి యెత్తితిమి.

ఎందుల కెత్తితిమని తరువాత మమ్మును మేమే యడిగికొంటిమి. బాల్యమున మేమును స్కౌటుగా నుండి మూడేండ్లు కర్ర చేతబట్టి తిరిగినవారమే. ఆ ఋణము తీర్చుకొనవలెనను కోరిక కొంత. ఆ నిశ్శబ్దమును సహింపలేకపోవుట మరికొంత. అయితే నిజమును దాచనేల? నలుగురి యెదుట మాటలాడుటయందు నేర్పరులమని మా మీద మాకు గల నమ్మకము ఈ రెంటికంటెను ఎక్కువగా నుండెను.

శిక్షణ కళాశాలలో మేము చదివిన దినములలో పాఠ ప్రణాళిక వ్రాయక తరగతిలో నడుగు పెట్టుట గొప్ప యపరాధము. హెర్బార్టు పండితుని పేర పిలువబడు అయిదు సోపానములను వల్లెవేసి, ఏ సోపానమునకు ఎన్ని నిమిషములో లెక్క వ్రాసెడివారము. ఆ యలవాటు నేటికిని మమ్మును విడువలేదు. మూడు వారములు రాత్రివేళ కూర్చుండి పదునాలుగు పుటల ప్రసంగము వ్రాసితిమి. చిత్రలేఖనోపాధ్యాయులచేత అట్టలపై పటములు వేయించితిమి. ఏడుగురు బాలురును యూనిఫారములు ఉతికించుకొని, స్కార్ఫులు ఇస్త్రీ చేయించుకొని రావలెనని ఆజ్ఞాపించితిమి. వారు చేయవలసిన పని యేమో మాత్రము మేము ఆలోచింపలేదు.

మొదటి సభ జూలై 5వ తేదీ శుక్రవారము సాయంకాలము అయిదు గంటలకు పెద్ద హాలులో జరిగెను. డెబ్బదిమందికి తక్కువ కాకుండ వచ్చిరి. తండ్రులు పనులనుండి తిన్నగా వచ్చినవారు. కొందరు తల్లులు చంటిబిడ్డల నెత్తుకొని యుండిరి. ప్రార్థనయైన పిమ్మట మేము ప్రసంగము మొదలిడితిమి.

1907 ఆగస్టులో బేడెన్ పవెల్ ఇంగ్లండు దక్షిణ తీరమునందలి బ్రౌన్‌సీ ద్వీపమునకు ఇంచుమించు ఇరువదిమంది బాలురను తీసికొనిపోయి, తోడేళ్లు, ఎద్దులు, మాలకాకులు, కర్లూ అను నీటిపక్షులు అని నాలుగు జట్లుగా చేసి గుడారములలో నుంచిన సంగతి చెప్పితిమి. వారిలో కొందరు ధనికుల బిడ్డలు చదువు గొప్ప బడులనుండియు, తక్కినవారు దగ్గరి పట్టణములలోని సామాన్య కుటుంబములనుండియు వచ్చిరనియు, ధనికుల బిడ్డలకు రుసుము ఒక పౌనుగాను, పట్టణపు బాలురకు మూడున్నర షిల్లింగులుగాను, అనగా ఇంచుమించు ఆరవ వంతుగాను నిర్ణయించిరనియు వివరించితిమి. మన దేశమున 1909లో స్కౌటు దళములు పుట్టినను మొదట ఐరోపావారి, ఆంగ్లో ఇండియనుల బిడ్డలకే యందు చోటుండెననియు, 1916లో అనిబిసెంటమ్మగారు అరండేలుగారి తోడ్పాటుతో మద్రాసున భారత బాలురకై వేరు సంఘమును నెలకొల్పిరనియు, ఉత్తరదేశమున మదనమోహన మాలవీయ, హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ వాజపేయి గారలు సేవాసమితి స్కౌటులను నడిపిరనియు, స్వాతంత్ర్యానంతరము 1950 నవంబరు 7న ఈ శాఖలు ఏకమై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను పేర నొక్క సంస్థ యయ్యెననియు, బాలికల గైడ్లు మరుసటి యేడు ఆగస్టు 15న అందు కలిసిరనియు చెప్పితిమి. ప్రవేశ్ మొదలు ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానములు, రాజ్య పురస్కారము, రాష్ట్రపతి పురస్కారము వరకు మెట్లన్నియు పటముపై కర్రతో చూపితిమి.

ఇది యంతయు సత్యమే, తెలిసికొనదగినదే. కాని చెప్పేవానికి వినేవాడు లోకువ యను సామెత యూరకే పుట్టలేదు. నలుబది నిమిషములు గడచునప్పటికి ముందు వరుసలోని పిల్లలు బల్లల క్రింద కాళ్లతో కొట్లాడుకొనుచుండిరి. ఒక చంటిబిడ్డ యేడ్చుటచే తల్లి వెలుపలికి పోయెను. మన ఏడుగురు స్కౌటులు గోడకు వ్రేలాడదీసిన పటములవలె కదలక నిలిచియుండిరి.

తరువాత ప్రశ్నలు వచ్చెను. "మార్కులు తగ్గవుగదా మాస్టారూ?" అని యొక తండ్రి. "ఖర్చెంతవుతుందండీ?" అని మరియొకరు. చొక్కా, నిక్కరు, టోపీ, బెల్టు, స్కార్ఫు, బూట్లు అన్నియు కలిపి యయ్యెడు మొత్తమును మేము వేదికపైనుండి గట్టిగా చదివితిమి. "దీనివల్ల లాభమేమిటండీ?" అని మూడవవారు. అప్పుడు మేము పదునాలుగు పుటలలో లేని మాట యొకటి పలికితిమి. పురస్కారములు పొందిన స్కౌటులకొరకు రైల్వేలో కొన్ని యుద్యోగములు ప్రత్యేకింపబడుట కలదంటిమి. అదియు నిజమే. కాని మేము దానిని పలికిన తీరు, అరచేతిలో వైకుంఠము చూపిన తీరు. ఆ మాటతో తండ్రుల ముఖములు వికసించెను. పిల్లల ముఖములు మాత్రము మునుపటివలెనే యుండెను.

శనివారములయందు సాయంకాలము అయిదు గంటలకు దళము కూడునని చెప్పి ముగించునప్పుడు, వెనుక వరుసలో కూర్చున్న యొకామె లేచి, కుమారుని చేయి పట్టుకొని, ఎవరికిని అడ్డము రాకుండ గోడప్రక్కగా నడిచి వెలుపలికి పోయెను. ఆ బాలుడు ఎనిమిదవ తరగతివాడు; మా లెక్కల తరగతిలో మాటలాడక కూర్చుండువాడు. వాడు ద్వారముకడ నిలిచి యొకసారి వెనుదిరిగి చూచెను. వాడు చూచినది మమ్మును కాదు. బల్లపైనున్న త్రాళ్ల చుట్టను.

ఆ సాయంకాలము చేరినవారు ముగ్గురు.

అందరును వెడలిన పిమ్మట మేము బల్లలు సర్దుచు, ఈ కాలపు తలిదండ్రులకు మార్కులే దైవమని గొణుగుకొనుచుంటిమి. మన జట్టు నాయకులలో నొకడు పటములు చుట్టుచు మెల్లగా, "మాస్టారూ, కోపపడకండి. మేము చేసే పనులు ఒక్కటీ వాళ్లకు చూపించలేదు గదండీ" అనెను. కోపమేమో వచ్చెను. కాని సమాధానము రాలేదు.

సోమవారము సాయంకాలము మేము ఆ బాలుని యింటికి పోతిమి. మా పట్టణమునకు ఆవల, సముద్రపు టొడ్డున ఇసుకమీద కట్టిన వాడలో వారి యిల్లు. మా యుత్తరాంధ్ర తీరమునుండి అనేకులు గుజరాతులోని వెరావలు రేవునకు పోయి, నెలల తరబడి పడవలపై పనిచేయుచుందురు. ఆ బాలుని తండ్రియు అట్లు పోవువారిలో నొకడు. తల్లి చేపలమ్మి యిల్లు నడుపుచున్నది. మేము పోవునప్పటికి బాలుడు గుమ్మమున కూర్చుండి వెదురు సూదితో చిరిగిన వలను బాగుచేయుచుండెను.

యూనిఫారము ఖర్చు విని ఆమె వెడలిపోయెనని మేము నిశ్చయించుకొనియుంటిమి. కాబట్టి కూర్చున్న వెంటనే, "బట్టల ఖర్చును గూర్చి నీవు దిగులుపడవలదమ్మా, అది మేమే పెట్టుకొందుము" అంటిమి. అట్లనుటలో మాకు కొంత తృప్తియు కలిగెను. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట తలవంచుకొని యిట్లనెను:

"గుడ్డల కాడ కాదు బాబూ. ఆళ్లయ్య పంపిన డబ్బుల్లోంచి పిల్లోడికి గుడ్డలు కుట్టించలేనా నాను? తమరు శనివారం సాయంకాలం అన్నారు గదా. ఆదివారం బేరమే మాకు వారం దినాల కూడు. శనివారం సాయంకాలం ఈడు ఐసు తేకపోతే, బుట్టలు కడగకపోతే, నానొక్కదాన్నీ ఏటి సేసీది?"

మేము సిగ్గుపడితిమి. ఆమె యడుగని దానిని ఈయబోయితిమి. ఆమె చెప్పవలసిన దానిని అడుగకపోతిమి. సభలో డెబ్బదిమంది యెదుట నలుబది నిమిషములు మాటలాడినను, మీకు వీలైన దినమేది యను నాలుగు మాటలు మా నోట రాలేదు. శనివారము సాయంకాలమును నియమించినది మా సౌకర్యము కొరకే. ఆ దినమున మాకు వేరు పని లేదు.

మాట మార్చుటకై బాలుని చేతిలోని వలవైపు చూచితిమి. వాడు ఒక కన్ను వెంట మరియొక కన్ను వేసి ముడి బిగించుచుండెను. వ్రేళ్లు కదలుటయే గాని ముడి పడుట మా కంటికి చిక్కలేదు. మెల్లగా వేయుమని యడిగి చూడగా, అది మా స్కౌటు పుస్తకములలో షీట్‌బెండు అని వ్రాసిన ముడియే! సన్నని త్రాటిని లావు త్రాటికి కలుపుటకై దానిని మేము బాలురకు నేర్పుదుము. అది చేతికి వచ్చునప్పటికి మాకును బాలురకును కూడ ఓపిక తీరును. ఆ ముడినే వీడు ఒక్కొక్క వలలో వేలకొలది వేయువాడు. తెలిసిన దానినుండి తెలియని దానికి పోవలెనని శిక్షణ కళాశాలలో మాకు చెప్పిన మొదటి సూత్రము. ఇరువది యేండ్లుగా మేమును క్రొత్త యుపాధ్యాయులకు దానినే చెప్పుచున్నాము. ఈ బాలునికి తెలిసినది యిది. మేము మొదలుపెట్టినది బ్రౌన్‌సీ ద్వీపముతో.

బ్రౌన్‌సీని గూర్చి మేమే చెప్పిన పౌను, షిల్లింగుల సంగతి ఇంటికి తిరిగి వచ్చుచు దారిలో జ్ఞాపకము వచ్చెను. ఆ శిబిరమును నడిపినవారు ఎవరు ఎంత మోయగలరో ముందుగా తలచి, పిమ్మట పిలిచిరి. మేమో, ఆ కథను వేదికపై చెప్పి, ఆ వెంటనే అందరికిని ఒకే మొత్తము, ఒకే దినము చదివితిమి.

మరునాడు ప్రధానోపాధ్యాయులవారి యొద్దకు పోయి, మా తప్పు చెప్పుకొని, ఇంకొక సాయంకాలమునకు అనుమతి వేడితిమి. వారు నవ్వి, "ఈసారి ప్రసంగమెంత సేపు?" అని యడిగిరి. "లేదండి" అంటిమి. "అయితే సరే" అనిరి.

మొదట ఆరవ తరగతి మొదలు తొమ్మిదవ తరగతి వరకు ప్రతి బాలునిచేతను ఇంటికొక చీటీ పంపితిమి. అందు మూడే ప్రశ్నలు: మీ బిడ్డకు ఏ దినమున, ఏ వేళ వీలగును? ఇంటిలో వాడు చేయు పని యేమి? వానికి చేతనైన పని యేది? చీటీలు తిరిగి వచ్చినప్పుడు వానిని చదువుచు మేము చాలసేపు కూర్చుంటిమి. ఒకడు తండ్రి సైకిలు దుకాణములో పంక్చరులు వేయును. ఒకడు తెల్లవారుజామున పాలు పోయును. ఒకడు అవ్వకు మందులు వేళకిచ్చును. ఒకడు వంట చేయును. ఆ చీటీలో వాని తల్లి, పప్పు మాత్రము నాకంటె బాగుగా చేయునని వ్రాసినది. ఏడాదులుగా మా యెదుట కూర్చున్న బాలురే వీరు. వారి మార్కులు తప్ప మాకు వేరొకటి తెలియదు. శనివారము సాయంకాలము కుదరనివారు అనేకులు. బుధవారము బడి విడిచిన పిమ్మట, ట్యూషనులకు ముందు, అధికులకు వీలగునని తేలెను. దళము కూడు దినమును బుధవారమునకు మార్చితిమి.

యూనిఫారముల కొరకు ఒక పెట్టె పెట్టితిమి. బడి విడిచి పోయిన స్కౌటుల యిండ్లకు మన ఏడుగురు తిరిగి, పొట్టియై పోయిన చొక్కాలు, నిక్కరులు తెచ్చి యుతికి మడిచి యందుంచిరి. బీదవారికని కాదు, ఎవరికైనను మొదటి యేడు పెట్టెలోనిదే. ఎదిగిన పిమ్మట తిరిగి పెట్టెలో వేయవలెను. మా కుమారుడును పెట్టెలోని చొక్కాయే తొడుగుకొనెను.

రెండవ సాయంకాలము ఆగస్టు 1వ తేదీన, హాలులో గాక వేపచెట్టు క్రింద జరిగెను. నడిపినవారు ఆ ఏడుగురు బాలురే. మాకు వారిచ్చిన పని కుర్చీలు వేయుట.

ఒక బల్లమీద తాళపుచెవి, దువ్వెన, చింతపిక్క, బొత్తాము మొదలైన ఇరువదినాలుగు వస్తువుల నుంచి గుడ్డ కప్పిరి. ఒక్క నిమిషము గుడ్డ తీసి చూపి, మరల కప్పి, జ్ఞాపకమున్నవాని పేరులు వ్రాయుమనిరి. దీనికి కిమ్ ఆట యని పేరు. తండ్రులు సిగ్గుపడుచు వచ్చి, పిమ్మట పిల్లలను త్రోసికొని చూచిరి. పదునైదు వస్తువులకు మించి వ్రాసిన తండ్రి యొక్కడును లేడు. పాలు పోయు బాలుడు ఇరువదిరెండు వ్రాసెను. ఏ యింటికెంత పాలో కాగితము లేకుండ జ్ఞాపకముంచుకొనువానికి అది యెంతటి పని!

వేరొకచోట రెండు వెదురు కర్రలకు రెండు చొక్కాలు తొడిగి, బొత్తాములు పెట్టి, రోగిని మోయు డోలీ చేసిరి. దానిపై నెవరిని పరుండబెట్టుదమని చూచి, మమ్మును పరుండుమనిరి. మా బరువెరిగిన సహోపాధ్యాయులు నవ్విరి. నలుగురు బాలురు ఎత్తి యాటస్థలము చుట్టును నడిచిరి, చొక్కాలు చిరుగలేదు. మమ్మును ఒక్కసారియు క్రింద పడవేయలేదు గాని, పడవేయుదురేమో యని మేము రెండుసార్లు కేకవేసితిమి.

పప్పు చేయు బాలుడు మూడు రాళ్లు పెట్టి, రెండే యగ్గిపుల్లలతో నిప్పు రాజేసి, అందరికిని ఉప్మా వండెను. అడుగు కొంచెము మాడెను. ఒక్క పలుకైనను మిగులలేదు.

త్రాళ్ల యొద్ద మన జట్టు నాయకుడు రీఫు ముడి చూపుచుండెను. కట్టు కట్టునప్పుడు గాయముమీద ఒత్తిడి లేకుండ చదునుగా కూర్చుండు ముడి యది. కొసలను తారుమారుగా త్రిప్పినచో జారిపోవును. తరువాత షీట్‌బెండు వేయబోయి తడబడెను. అప్పుడు గుంపులోనుండి ఆ ఎనిమిదవ తరగతి బాలుడు, ఎవరును పిలువకయే వచ్చి, త్రాడు తీసికొని వేసెను. "మరల వేయుము" అనిరి. వేసెను. "మెల్లగా" అనిరి. వాడు మెల్లగా వేయుటకు కష్టపడుట చూచితిమి. వాని వ్రేళ్లకు అది యలవాటు లేదు. కొంతసేపటికి వాని చుట్టును పదిమంది కూర్చుండిరి. మా తరగతిలో మాటలాడని బాలుడు, "అలా కాదు, కింద నుంచి రానీ" అని పెద్దవానికి చెప్పుచుండుట వింటిమి. వాని తల్లి రాలేదు. అది ఆమెకు బేరపు వేళ. వాని చెల్లెలు వచ్చి ఉప్మా తిని, అన్న పేరు తానే పలకమీద వ్రాసివచ్చెను.

ఆ సాయంకాలము పదునొకండుగురు చేరిరి. మునుపటి ముగ్గురితోను, ఏడుగురితోను కలిపి ఇరువదియొకరు. నవంబరు 7న, భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ స్థాపన దినమున, క్రొత్తవారు స్కార్ఫులు ధరించి ప్రమాణము చేసిరి. దేవునిపట్లను దేశముపట్లను కర్తవ్యము నెరవేర్తుమనియు, ఇతరులకు సహాయపడుదుమనియు ఆ ప్రమాణము. మన బడిలో అన్ని మతముల బిడ్డలును కలరు; ప్రతివాడును తన యింట నేర్చిన భక్తితోనే మూడు వ్రేళ్లెత్తెను.

అంతయు శుభమని వ్రాసి ముగించిన సొగసుగా నుండును గాని నిజము కాదు. ఇరువదియొకరిలో నలుగురు ఇప్పుడు లేరు. ఇద్దరిని ట్యూషను తీసికొనిపోయెను. ఒకడు తండ్రికి బదిలీయై వేరు పట్టణమునకు పోయెను. నాలుగవవాడు ఆలస్యముగా వచ్చెనని మేము నలుగురిలో మందలించుటచేత మానివేసెను. అతని యింటికి మేము రెండు పర్యాయములు పోతిమి. ఇంకను పోవుదుము. రైల్వే యుద్యోగము మాట విని పేరిచ్చిన తండ్రి తిరిగి యడుగగా, అది దూరపు మాట యనియు, మీ బిడ్డకు దళమునందు ఇష్టము కలిగిననే ఆ దూరము నడువగలడనియు చెప్పితిమి. ఈ మాట మొదటనే చెప్పవలసియుండెను.

తలిదండ్రులకు మా విన్నపము: ఈ జూన్ మాసమున మరల చీటీలు వచ్చును. మూడవ ప్రశ్నకు ఏమియు లేదని వ్రాయకుడు. మీ బిడ్డ యింట చేయు పని యెంత చిన్నదైనను వ్రాసి పంపుడు, దానితోనే మొదలుపెట్టుదుము. బాలురకు మా మాట: బుధవారము నాలుగున్నర గంటలకు వేపచెట్టు క్రిందికి రండు. పెట్టెలో చొక్కాలు సిద్ధముగా నున్నవి. ముడులు నేర్పుటకు మీ తోటివాడొకడు త్రాళ్లయొద్ద కూర్చుండును. ప్రసంగముండదు.